బావమరిది పేరున వాటాలు, డబ్బు నాది: బ్యాంకు ఫారంలో ఎవరి పేరు రాయాలి?

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి. 2019లో ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టి బియ్యం మిల్లు నడుపుతున్నాం. వాటాల్లో 40 శాతం నా పేరున, 35 శాతం బావమరిది పేరున, 25 శాతం మా నాన్నగారు కర్తగా (కుటుంబ పెద్దగా) ఉన్న హిందూ అవిభక్త కుటుంబం పేరున ఉన్నాయి. బావమరిది వాటాలకు డబ్బంతా నేనే కట్టాను. ఆ సంగతి పది రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకున్నాం. ఇప్పుడు లోను రెన్యువల్‌కు వెళ్తే, అసలు యజమానులెవరో రాసిమ్మని బ్యాంకువారు ఫారం ఇచ్చారు. బావమరిది పేరు రాస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. షేర్ సర్టిఫికెట్ మీద ఉన్న పేరు బ్యాంకు దగ్గర ఇప్పటికే ఉంటుంది. వారు అడుగుతున్నది ఆ పేరు వెనక ఉన్న మనిషిని. మనీ లాండరింగ్ నిరోధక నిబంధనల ప్రకారం కంపెనీలో 10 శాతానికి మించి వాటా ఎవరికి దక్కుతుందో ఆ వ్యక్తిని బ్యాంకు గుర్తించాలి. ఈ హద్దు 2023 మార్చి దాకా 25 శాతంగా ఉండేది.

అయితే మీకు అసలు చిక్కు కంపెనీల చట్టం, 2013లోని 89వ సెక్షన్‌తో. వాటా ఒకరి పేరున ఉండి ప్రయోజనం మరొకరిదైతే, పేరున్న వ్యక్తి ఎంజీటీ-4, ప్రయోజనం పొందే వ్యక్తి ఎంజీటీ-5 ఫారాలను 30 రోజుల్లో కంపెనీకి ఇవ్వాలి; అవి అందిన 30 రోజుల్లో కంపెనీ ఎంజీటీ-6ను కంపెనీల రిజిస్ట్రార్‌కు దాఖలు చేయాలి. మీది ఒడిశా కంపెనీ కనుక అది కటక్ రిజిస్ట్రార్ పరిధిలోకి వస్తుంది. ఇవి ఇవ్వకపోతే జరిమానా 50,000 రూపాయలతో మొదలై, రోజుకు 200 చొప్పున పెరిగి 5 లక్షల దాకా పోవచ్చు. దానికన్నా నన్ను కలవరపెట్టేది ఇదే సెక్షన్‌లోని మరో మాట: ప్రకటించని వాటాపై ప్రయోజనదారు తన హక్కును అమలు చేయించుకోలేడు. రేపు బావమరిది కాదంటే మీ బీరువాలోని స్టాంపు కాగితం మిమ్మల్ని కాపాడదు.

మీ నాన్నగారి సంగతి తేలిక. కుటుంబం పేరున ఉన్న 25 శాతానికి కర్తగా ఆయన 90వ సెక్షన్ కింద అసలు ప్రయోజనదారుగా ప్రకటించే బెన్-1 ఫారం కంపెనీకి ఇవ్వాలి, దాని ఆధారంగా కంపెనీ బెన్-2 ఫారం దాఖలు చేయాలి.

ఇక బినామీ చట్టం. 2016 నవంబరు 1 నుంచి అమల్లో ఉన్న సవరణ ప్రకారం, సక్రమ ఆదాయంతో భార్య లేక పిల్లల పేరున కొంటే మినహాయింపు ఉంది, బావమరిదికి లేదు. రుజువైతే ఆస్తి జప్తు, ఏడాది నుంచి ఏడేళ్ల వరకు జైలు, ఆస్తి విలువలో 25 శాతం వరకు జరిమానా. భయపడి ఆ వాటాలను హడావుడిగా మీ పేరుకు మార్చుకోకండి, బినామీదారు (పేరు మాత్రమే ఉన్న వ్యక్తి) అసలు యజమానికి ఆస్తిని తిరిగి బదలాయించడాన్ని కూడా 6వ సెక్షన్ నిషేధిస్తుంది. ఎంజీటీ ఫారాలు ఇచ్చినంత మాత్రాన ఈ ప్రశ్న తీరిపోయిందనీ అనుకోకండి. మన సరిహద్దు ఊళ్లలో బంధువు పేరున వాటా పెట్టడం నమ్మకంతో చేసే పనే అని నాకు తెలుసు, కానీ చట్టం చూసేది డబ్బు ఎవరిది, లాభం ఎవరికి అన్నదే.

ఒకవేళ ఆ సొమ్ము మీరు నిజంగా అప్పుగా ఇచ్చి, డివిడెండు బావమరిదే తీసుకుంటుంటే యజమాని ఆయనే. అప్పుడు 2019 నాటి బ్యాంకు స్టేట్‌మెంటు, ఇద్దరి ఆదాయపు పన్ను రిటర్నులు ఆ మాట చెప్పాలి. వెనక తేదీ వేసి ప్రామిసరీ నోటు మాత్రం రాయించకండి. ఈ కాగితాలతో పాటు ఆ స్టాంపు కాగితాన్నీ తీసుకుని, బినామీ కేసులు చూసే న్యాయవాదిని, మీ చార్టర్డ్ అకౌంటెంట్‌ను కలిసి కూర్చోబెట్టండి. ఆ తర్వాతే బ్యాంకు ఫారంపై సంతకం చేయండి. గడువు చాలకపోతే రెండు వారాలు కావాలని లేఖ ఇచ్చి, నకలుపై అందినట్టు ముద్ర వేయించుకోండి.