రుద్రం నేర్చుకుంటున్నారు.. బీపీ మాత్ర ఆపేయొచ్చా?

ప్రశ్న: మావారి వయసు 61. ఆరేళ్లుగా బీపీకి రోజూ మాత్ర వేసుకుంటున్నారు. రిటైరయ్యాక నిద్ర తగ్గిపోయింది, చీటికీమాటికీ కోపం వచ్చేది. నాలుగు నెలలుగా ఒక ఘనపాఠి (వేదపండితులు) గారి దగ్గర రుద్రం, అంటే శివుడిని స్తుతించే వేదమంత్రాలు, నేర్చుకుంటున్నారు. ఇప్పుడు నిద్ర పడుతోంది. ఇంట్లో చూస్తే బీపీ 126/80 వస్తోంది. ‘ఇంకా మాత్ర ఎందుకు?’ అంటున్నారు. ఆపేయొచ్చా? నాకు స్వరం రాదు, విష్ణు సహస్రనామం చదువుకుంటాను. దానివల్ల నాకూ మేలు ఉంటుందా?
- ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: అమ్మా, మాత్ర ఆపనివ్వకండి. రుద్రమూ మాన్పించకండి.

ఆ 126/80 మాత్ర వేసుకుంటుండగా వచ్చిన అంకె. అందులో మాత్ర వాటా ఎంతో, రుద్రం వాటా ఎంతో అది చూసి ఎవరూ చెప్పలేరు. నా దగ్గరకు వచ్చే ఒకాయన ఇలాగే బీపీ బాగుందని రెండు నెలలు మాత్రలు మానేశారు. ఒకరోజు పొద్దున్నే చొక్కా గుండీ పెట్టుకోబోతే కుడిచేతి వేళ్లు మాట వినలేదు. ఆస్పత్రికి తెచ్చేసరికి బీపీ 190/110. పక్షవాతం. ఇప్పటికీ ఆయనకు గుండీలు భార్యే పెడతారు. మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటి మాత్రలైతే ఉన్నట్టుండి ఆపితే గుండెదడ, ఛాతీనొప్పి కూడా రావచ్చు.

అలాగని మీవారికి కలిగిన మేలు భ్రమేమీ కాదు. ఆయన సంథ, అంటే గురువు వెంట పలికే పాఠం, చెప్పుకునేటప్పుడు పక్కన కూర్చుని ఊపిరి గమనించండి. గురువుగారు ఒకసారి చెప్పింది శిష్యుడు రెండుసార్లు అనాలి. స్వరం తప్పకూడదు, ఎక్కడపడితే అక్కడ తెంపకూడదు. అందుకని గాలి ఒక్కసారి పీల్చుకుని, చాలాసేపు కొద్దికొద్దిగా వదలాల్సి వస్తుంది. మామూలుగా నిమిషానికి 12 నుంచి 20 సార్లు తీసే ఊపిరి అలా బాగా తగ్గుతుంది. ఊపిరి వదిలేటప్పుడు మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నాడి గుండె వేగాన్ని తగ్గిస్తుంది. పైగా ఉదాత్తం, అనుదాత్తం, స్వరితం అనే వేదస్వరాల మీద ధ్యాస ఉన్న మనిషికి పెన్షన్ కాగితాల టెన్షన్ ఆ కాసేపైనా గుర్తురాదు. రుద్రంలో మొదటి భాగమైన నమకం మొదలయ్యేదే రుద్రుడి మన్యువుకు, అంటే కోపానికి, నమస్కారంతో. కోపిష్టి మనిషి రోజూ ఆ మాటతో కూర్చోవడం నాకైతే చాలా నచ్చింది.

ఇక మీ సంగతి. 2001లో ఇటలీ పరిశోధకులు 23 మంది ఆరోగ్యవంతులను పరీక్షించారు. జపమాల తిప్పుతూ లాటిన్‌లో మరియమాత ప్రార్థన చేసినా, ‘ఓం మణి పద్మే హుం’ అన్నా ఊపిరి నిమిషానికి ఆరుసార్లకు దగ్గరగా వచ్చింది, బీపీని సర్దుబాటు చేసే వ్యవస్థ మరింత చురుగ్గా పనిచేసింది. కాబట్టి సహస్రనామం నిదానంగా, ఊపిరి పూర్తిగా వదులుతూ చదివితే మీకూ మేలే. వంట తొందరలో పది నిమిషాల్లో ముగించేస్తే మాత్రం ఆ లాభం రాదు.

యజుర్వేద పండితుల మెదడులో జ్ఞాపకానికి సంబంధించిన భాగం పెద్దదిగా ఉందని 2016లో ఒక పరిశోధన వచ్చింది. దాన్ని పట్టుకుని మంత్రాలతో మతిమరుపు నయమవుతుందని వాట్సాప్‌లో తిప్పుతున్నారు. నమ్మకండి. వాళ్లు ఏళ్ల తరబడి రోజూ గంటలకొద్దీ వల్లెవేసినవాళ్లు. పైగా ఆ పరిశోధన జబ్బున్నవాళ్ల మీద చేసింది కాదు.

బీపీ ఎప్పుడు చూస్తున్నారో మీరు రాయలేదు. పారాయణ అయిన వెంటనే చూస్తే తక్కువ రావచ్చు. పొద్దున మాత్రకు ముందు, మళ్లీ సాయంత్రం, ఐదు నిమిషాలు వీపు ఆనించి ఊరికే కూర్చున్నాక, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి, నిమిషం తేడాతో రెండుసార్లు చూడండి. ఏడు రోజులు రాసి మీ డాక్టరుకు చూపించండి. అంకెలు బాగా తక్కువ వస్తున్నా, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నా మోతాదు తగ్గించేది ఆయనే.

షుగర్ మాత్ర కూడా వేసుకుంటుంటే పరగడుపున గంటలకొద్దీ కూర్చోనివ్వకండి. చెమటలు, వణుకు వస్తే వెంటనే నాలుగు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇవ్వండి, మిగతా అనువాకాలు (రుద్రంలోని భాగాలు) తర్వాత చదువుకోవచ్చు. నిద్ర మళ్లీ చెడినా, రెండు వారాలకు మించి దిగులుగా ఉన్నా, గురకపెడుతూ మధ్యలో ఊపిరాగినట్టు అనిపించినా పారాయణ పెంచి సరిపెట్టుకోకుండా డాక్టరుకు చూపించండి.