నదీముఖ తీరంలో చదునైన నడకదారులు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: మోకాళ్ల నొప్పి వల్ల కొండదారులు మానుకున్నాను. నది సముద్రంలో కలిసే చోట తీరం చదునుగా ఉంటుంది కనుక అక్కడ ఎంత దూరమైనా సులువుగా నడవవచ్చని మిత్రులు చెబుతున్నారు. అది నిజమేనా? దారిని ఎలా ఎంచుకోవాలి?

సమాధానం: ఎక్కడం, దిగడం ఉండవన్న మేరకు మీ మిత్రుల మాట నిజమే. నది మోసుకొచ్చిన సన్నని ఒండ్రు రేణువులు ఉప్పునీటిని తాకగానే ఒకదానికొకటి అంటుకుని, బరువెక్కి, అడుగుకు దిగుతాయి. తరతరాలుగా అలా పేరుకున్న నేల కనుకనే మొగ ప్రాంతం అంత చదునుగా ఉంటుంది. అయితే ‘ఎంత దూరమైనా’ అన్న మాటను మాత్రం నేను ఒప్పుకోలేను. ఎత్తుపల్లాలు లేని చోట అలసటను నిర్ణయించేది కాలి కింది నేల. పొడి ఇసుకలో నడవడానికి గట్టి నేల మీద కంటే రెట్టింపుకు పైగా శక్తి ఖర్చవుతుందని ప్రయోగాల్లో తేలింది. పైగా ఇసుక ఒడ్డు నీటివైపు వాలి ఉంటుంది కాబట్టి ఒక కాలు ఎప్పుడూ పల్లంలో పడుతూ, ఆ వైపు మోకాలికీ తుంటికీ భారం పెరుగుతుంది.

అందువల్ల మీవంటి వారికి నేను మొదట సూచించేది కరకట్టనే. సముద్రపు నీరు పొలాల మీదికి రాకుండా వేసిన ఈ మట్టికట్టల పైభాగం సాధారణంగా గట్టిగా, సమంగా ఉంటుంది, పోటు నీటికి అందదు. బయల్దేరే ముందు పటంలో రెండు విషయాలు తప్పక చూడండి. మొదటిది ఉప్పుటేర్లు. తిన్నగా కొలిస్తే అర కిలోమీటరు కూడా లేని అవతలి ఒడ్డుకు చేరడానికి, ఏటి వెంట వంతెన దొరికే వరకు లోపలికి వెళ్లి, అంత దూరమూ మళ్లీ వెనక్కి రావలసి ఉంటుంది. రెండవది కట్ట దిగి ఊరి వైపు వెళ్లే దారులు. ఇంగ్లండులోని ఎసెక్స్ తీరంలో బ్రాడ్‌వెల్ గ్రామం దగ్గర, ఏడవ శతాబ్దం నాటి సెయింట్ పీటర్ ప్రార్థనాలయం దాటాక, కట్ట దక్షిణంగా మైళ్ల తరబడి సాగుతుంది. అది పూర్తిగా చదునైన దారే అయినా మధ్యలో బయటపడే మార్గాలు చాలా తక్కువ. అటువంటి చోట మీరు మామూలుగా నడిచే దూరంలో సగం వెళ్లి తిరిగి రావడమే మంచి పద్ధతి.

కంటి అంచనాను కూడా నమ్మవద్దు. ఒడ్డున నిలబడిన మనిషికి దిగంతం దాదాపు నాలుగున్నర కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. కట్టపైకి ఎక్కి కంటి ఎత్తు ఐదు మీటర్లయితే అది 8 కిలోమీటర్లకు జరుగుతుంది. మధ్యలో చెట్టూ మిట్టా లేకపోవడం వల్ల ఎదురుగా కనిపించే దీపస్తంభం దగ్గరే ఉన్నట్టు తోస్తుంది గాని, అక్కడికి రెండు గంటల నడక పట్టవచ్చు. గాలిని ఆపేది కూడా ఏదీ ఉండదు కనుక, వెళ్లేటప్పుడు ఎదురుగాలి, అలసిపోయి తిరిగి వచ్చేటప్పుడు వెనుకగాలి ఉండేలా దిశను ఎంచుకోండి. దారిలో మెట్లు, పశువులను ఆపే ఇరుకు గేట్లు ఉన్నాయేమో ముందే కనుక్కోండి.

ప్రశ్న: మేము వెళ్లదలచిన రోజున ఉదయం 10 గంటలకు పోటు అని పట్టికలో ఉంది. ఎప్పుడు బయల్దేరడం మంచిది? ఈ సమయం రోజూ ఎందుకు మారుతుంది?

సమాధానం: రెండో ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే అది అర్థమైతే మొదటిదానికి జవాబు మీకే దొరుకుతుంది. ఆటుపోట్లకు ప్రధాన కారణం చంద్రుడు. భూమి తన చుట్టూ ఒకసారి తిరిగేలోగా చంద్రుడు కూడా కొంత ముందుకు జరుగుతాడు కనుక, చాలా తీరాల్లో ఒక పోటుకూ తర్వాతి పోటుకూ నడుమ సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. అందుచేత నేడు 10 గంటలకు వచ్చిన ఉదయపు పోటు రేపు దాదాపు 10.50కి వస్తుంది. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకు పోటు బాగా ఎత్తుకు వచ్చి, ఆటు బాగా లోతుకు వెళుతుంది. అష్టమి దాటాక ఆ తేడా తగ్గుతుంది.

నీరు పెరిగే వేగం అన్ని గంటల్లోనూ ఒకేలా ఉండదన్నది నడిచేవారు తప్పక తెలుసుకోవలసిన సంగతి. ఆరు గంటల పెరుగుదలను పన్నెండు భాగాలు చేస్తే, గంటవారీగా అది సుమారు 1, 2, 3, 3, 2, 1 భాగాలుగా జరుగుతుంది. అంటే మధ్య రెండు గంటల్లోనే సగం నీరు వచ్చేస్తుంది. ఆటుకూ పోటుకూ ఎత్తులో తేడా 4 మీటర్లనుకుంటే మూడో గంటలో ఒక మీటరు పెరుగుతుంది. వెయ్యి మీటర్లకు ఒక్క మీటరు మాత్రమే వాలు ఉన్న బురదనేలపై ఆ ఒక్క మీటరు నీటి అంచును కిలోమీటరు ముందుకు నెడుతుంది.

పట్టికలోని సమయం ఏ చోటిదో కూడా చూడాలి. పోటు మొగ నుంచి నదిలోకి ఎగబాకడానికి సమయం పడుతుంది. థేమ్స్ నది మొగలోని షీర్‌నెస్ కంటే లండన్ వంతెన దగ్గర పోటు గంటకు పైగా ఆలస్యంగా వస్తుంది. వేసవిలో గడియారాలను ముందుకు జరిపే దేశాల్లో కొన్ని పట్టికలు ఆ మార్పును కలపవు. వాతావరణ పీడనం ఒక హెక్టోపాస్కల్ తగ్గితే నీటిమట్టం సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. సముద్రం నుంచి బలమైన గాలి వీస్తే ఇంకా పెరుగుతుంది కాబట్టి, తుపాను వాతావరణంలో పట్టికను నమ్ముకుని ఒడ్డున నడవకూడదు.

ఇక మీ రోజు విషయం. కట్టపైనే నడిచేట్లయితే ఎప్పుడు బయల్దేరినా ఇబ్బంది లేదు, పెద్ద పోటు రోజుల్లో కట్ట దిగువ దారులు మునుగుతాయేమో చూసుకుంటే చాలు. ఒడ్డు వెంట గట్టి తడి ఇసుకపై నడవాలనుకుంటే మధ్యాహ్నం 12 గంటల ప్రాంతంలో, నీరు దిగుతుండగా దిగండి. ఆటు సుమారు 4.10కి వస్తుంది కనుక అప్పటికల్లా మళ్లీ కట్టపైకి చేరుకోండి.

ప్రశ్న: ఆటు సమయంలో కొందరు బురదనేల మీదుగా ఎదుటి లంకకు నడిచి వెళ్లడం చూశాము. మేమూ వెళ్లవచ్చా?

సమాధానం: ఆ చోటు తెలిసిన మార్గదర్శి లేకుండా వెళ్లవద్దు. చదునుగా కనిపించే బురదనేలలో సన్నని పాయలు ఉంటాయి. పోటు తిరగగానే ముందు నిండేవి అవే, అది కూడా నడిచేవారి వెనుక, ఒడ్డుకు దగ్గరగా. ముందు ఇంకా పొడిగానే కనిపిస్తుంటుంది గాని తిరుగుదారి అప్పటికే మూసుకుపోయి ఉంటుంది. ఇంగ్లండులోని మొర్కాంబ్ అఖాతంలో 1548 నుంచి రాజనియమిత మార్గదర్శులు ఉన్నారంటే ఆ ఇసుకలు ఎంత ప్రమాదకరమో గ్రహించవచ్చు. అదే అఖాతంలో 2004 ఫిబ్రవరి 5 రాత్రి, గుల్లలు ఏరుకునే కూలీలు కనీసం 21 మంది పోటులో చిక్కుకుని మరణించారు. నెదర్లాండ్స్, జర్మనీ, డెన్మార్క్ తీరాల వెంట ఉన్న వాడెన్ సముద్రంలో మార్గదర్శుల వెంట బురదపై నడిచే ఆనవాయితీ బాగా ఉంది. అటువంటి బృందంతో వెళితే అది మరపురాని నడకే అవుతుంది.

ఎప్పుడైనా కాలు ఊబిలో దిగితే పెనుగులాడవద్దు. వెంటనే సహాయం కోసం పిలవండి, బరువు ఒకే చోట పడకుండా వెనక్కి వాలి, ఒక్కొక్క కాలినీ కొద్దికొద్దిగా కదుపుతూ పైకి లాగండి.

ప్రశ్న: పోటు సమయంలో గుంపులుగా నిలిచిన పక్షుల దగ్గరకు వెళ్లవద్దని దారిలో బోర్డు ఉంది. దూరంగా నడిచి వెళ్లినా నష్టమేనా?

సమాధానం: దూరం చాలినంత ఉంటే నష్టం లేదు. బురదలోని పురుగులను, నత్తలను ఆటు సమయంలో తినే ఈ పక్షులకు పోటు వేళ నిలవడానికి మిగిలేది ఒడ్డున ఆ కొద్ది నేలే. లేపిన ప్రతిసారీ వలస కోసం కూడబెట్టుకున్న కొవ్వు కొంత కరిగిపోతుంది. బార్ టెయిల్డ్ గాడ్విట్ అనే పక్షి ఒకటి 2022లో అలాస్కా నుంచి టాస్మేనియాకు సుమారు 13,560 కిలోమీటర్లు, 11 రోజులు ఎక్కడా వాలకుండా ఎగిరింది. ఆ ప్రయాణానికి కావలసిన ఇంధనమంతా అది బురదనేలలపైనే సంపాదించుకుంది. కట్టపై నడిచే మనిషి ఆకాశానికి ఎదురుగా స్పష్టంగా కనిపిస్తాడు కాబట్టి, గుంపు ఉన్న చోట కట్టకు పొలాల వైపు దిగువన నడవండి. కుక్క వెంట ఉంటే గొలుసు విప్పవద్దు. పక్షులు తినడం, కునుకు తీయడం మాని తలలెత్తి అరవడం మొదలుపెడితే మీరు అప్పటికే మరీ దగ్గరకు వచ్చినట్టు, అక్కడే ఆగి మెల్లగా వెనక్కి తగ్గండి.