ట్రాక్టర్ ట్రక్కుకి ఎలక్ట్రిక్ వించ్ బిగిస్తే కేసు అవుతుందా?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా. ట్రాక్టరు, ట్రక్కు రెండూ నా పేరు మీదే ఉన్నాయి. ట్రాక్టరు మీద ఫైనాన్స్ ఇంకా నడుస్తోంది. జామాయిల్ దుంగలు, పాడైన పవర్ టిల్లర్లు ట్రక్కులోకి ఎక్కించాలంటే ప్రతిసారీ నలుగురైదుగురు కూలీలు కావాలి. అందుకని బ్యాటరీతో నడిచే వించ్ (స్టీల్ రోప్‌ని చుట్టుకుంటూ బరువులు లాగే యంత్రం) కొని ట్రక్కు ముందు భాగంలో వెల్డింగ్ చేయిద్దామనుకుంటున్నాను. ఊళ్లో వాళ్లకి కిరాయికి కూడా తిప్పుతుంటాను. ఆర్టీవో వాళ్లు కేసు రాస్తారని కొందరు, ఏమీ కాదని షాపు వాళ్లు అంటున్నారు. టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: వించ్ పెట్టుకోవచ్చు. వెల్డింగ్ మాత్రం వద్దు.

మీ ట్రక్కును చట్టం ట్రైలర్ అంటుంది. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైలర్ కూడా మోటారు వాహనమే, కాబట్టి సెక్షన్ 52 దానికీ వర్తిస్తుంది. తయారీదారు ఇచ్చిన వివరాలకూ ఆర్‌సీలో ఉన్న వివరాలకూ తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదని ఆ సెక్షన్ చెబుతుంది. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే సంవత్సరం వచ్చిన సవరణతో సెక్షన్ 182ఏ మారింది. అనుమతి లేని ఒక్కో మార్పుకీ యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకూ జైలు, లేదా రెండూ పడవచ్చు.

అయితే సెక్షన్ 52 కిందే ఒక వివరణ ఉంది. మార్పు అంటే వాహన నిర్మాణంలో, దాని మౌలిక లక్షణమే మారిపోయేంత మార్పు అని. బోల్టులతో బిగించి, పని అయ్యాక విప్పి షెడ్డులో పెట్టుకునే వించ్ ఆ కోవలోకి రాదని వాదించడానికి గట్టి ఆధారం ఇదే. ఛాసిస్ కోసినా, స్తంభం నిలబెట్టి క్రేన్‌లా చేసినా, తొట్టి పొడవు పెంచినా ఆ వాదన నిలవదు. ఇక శాశ్వతంగా వెల్డింగ్ చేసిన ప్లేటు, వించ్, బ్యాటరీ పెట్టె కలిస్తే ఆర్‌సీలో రాసిన ఖాళీ బండి బరువు కూడా మారిపోతుంది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందుగా చూసేది దాన్నే.

శాశ్వతంగానే కావాలంటే పని మొదలుపెట్టక ముందే రిజిస్టరింగ్ అథారిటీకి దరఖాస్తు పెట్టి ఆమోదం తీసుకోండి. ట్రక్కు కూడా అదే లోన్‌లో ఉంటే ఫైనాన్స్ కంపెనీ నుంచి లిఖితపూర్వక అంగీకారం తీసుకోండి. వాళ్ల ఏజెంటు నోటిమాటగా సరేనంటే చాలదు.

ఇప్పుడు మీరు అడగని సంగతి. ఆర్టీవో జరిమానా కంటే నాకు ఎక్కువ భయంగా ఉన్నది ఇదే. లోడు మీద ఉన్న స్టీల్ రోప్ తెగితే కొరడాలా వెనక్కి కొడుతుంది. పక్కన నిలబడ్డ కూలీకి ఏమైనా అయితే బాధ్యత ఎవరిది?

బండి కదలకుండా ఆగి ఉంది కదా, మోటారు ప్రమాదం కాదు అనుకోకండి. 1987లో మహారాష్ట్రలో జాతీయ రహదారి పక్కన బోల్తాపడిన పెట్రోలు ట్యాంకరు కొన్ని గంటల తర్వాత పేలింది. అది కూడా వాహన వినియోగం వల్ల జరిగిన ప్రమాదమేనని 1991లో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి బాధితుడు మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కి వెళ్లే దారి ఉంది. ఆ కేసులో బీమా కంపెనీ అడిగే మొదటి ప్రశ్నలు ఇవి: పాలసీలో ట్రైలర్ నంబరు ఉందా? వ్యవసాయానికని పాలసీ తీసుకుని కిరాయికి ఎందుకు వాడారు? వించ్ సంగతి మాకు చెప్పారా? వీటికి మీ దగ్గర జవాబు లేకపోతే, కంపెనీ బాధితుడికి కట్టినా ఆ డబ్బు తిరిగి మీ దగ్గరే వసూలు చేసుకునేలా తీర్పు రావచ్చు.

మీ దగ్గర పనిచేస్తూ దెబ్బ తగిలిన కూలీకి పరిహారం ఇచ్చే బాధ్యత యజమానిదే. బండిలోకి ఎక్కించే, దించే పనులు కూడా అందులోకి వస్తాయి. ఆ లెక్క ఎలా ఉంటుందో చూడండి. నెలకు 15,000 సంపాదించే 30 ఏళ్ల మనిషి చనిపోతే, జీతంలో సగాన్ని 207.98తో హెచ్చించాలి. దాదాపు 15 లక్షల 60 వేలు. పొలం అమ్మితే తప్ప ఇంత డబ్బు మనలో ఎందరు సర్దగలరు? అందుకే పాలసీలో ట్రైలర్‌ని, ఎక్కించే, దించే కూలీలను కలిపించుకోండి. వించ్ బిగిస్తున్న విషయం కంపెనీకి ఈమెయిల్ పెట్టి, వచ్చిన జవాబును దాచుకోండి. దీనికి పెరిగే ప్రీమియం ఈ మొత్తం ముందు ఒక లెక్కలోది కాదు.

క్రిమినల్ కేసు కూడా ఉంటుంది. యంత్రం విషయంలో నిర్లక్ష్యానికి భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 289 కింద ఆరు నెలల వరకూ జైలు పడవచ్చు. మనిషి పోతే సెక్షన్ 106 కింద అయిదేళ్ల వరకూ. మీరు జాగ్రత్త తీసుకున్నారా లేదా అన్నదానికి పోలీసులు, కోర్టు వించ్‌తో వచ్చిన మాన్యువల్‌నే కొలబద్దగా తీసుకోవచ్చు. అందులో రాసిన బరువు పరిమితిని దాటకండి. రోప్ మీద మందపాటి గోనె సంచి వేయండి. ట్రక్కును ట్రాక్టరు నుంచి విప్పి లాగించకండి. వించ్ లాగే యంత్రం, పైకెత్తే యంత్రం కాదు. దాంతో ట్రాన్స్‌ఫార్మర్లు గాల్లోకి లేపమని ఎవరడిగినా కుదరదనండి. రోడ్డుకి అడ్డంగా రోప్ కట్టి లాగడం అసలే వద్దు.

కిరాయి సంగతి విడిగా చూసుకోవాలి. వ్యవసాయ ట్రైలర్‌గా రిజిస్టర్ అయిన బండితో సొంత పంట తోలుకోవడం వేరు, డబ్బు తీసుకుని ఊరివాళ్ల దుంగలు తోలడం వేరు. రెండోది సరుకు రవాణా కిందకి వస్తుంది, దానికి పర్మిట్ ఉండాలి. పర్మిట్ లేకుండా నడిపితే సెక్షన్ 192ఏ కింద మొదటిసారే 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకూ జైలు అని చట్టంలో ఉంది. వించ్ కొనక ముందే మీ ఆర్‌సీ, పాలసీ రెండూ తీసుకుని ఆర్టీవో ఆఫీసుకు వెళ్లి, ట్రక్కు ఏ తరగతిలో ఉందో, కిరాయికి తిప్పాలంటే ఏ తరగతికి మార్చాలో అడగండి. కిరాయి పని అక్కరలేదనుకుంటే బోల్టుల వించ్, బీమా కంపెనీ జవాబు మీకు సరిపోతాయి.