ఆయన ఎఫెసీ పత్రిక తెరుస్తారు, నేను యాకోబు పత్రిక తెరుస్తాను

ప్రశ్న: మా పెళ్లయి పద్నాలుగేళ్లు. ఇద్దరం విశ్వాసులమే. మా ఆయన ఒకప్పుడు బాగా తాగేవారు. ఎన్ని ఒట్లు పెట్టుకున్నా మానలేకపోయారు. ఐదేళ్ల కిందట మారుమనస్సు పొంది బాప్తిస్మం తీసుకున్నాక మానేశారు, అందుకు దేవునికి స్తోత్రం. కానీ అప్పట్నుంచి ఏం అడిగినా ‘క్రియల వల్ల కాదు, కృప వల్లే’ అంటారు. మంచం పట్టిన మామగారి పనులన్నీ నేనే చేసుకుంటున్నాను. తాగే రోజుల్లో మా తమ్ముడి దగ్గర తీసుకున్న అప్పు సంగతెత్తితే ‘నా పాత జీవితం సిలువ దగ్గరే పోయింది’ అంటారు. నా సంగతి ఇంకోలా ఉంది. వారానికి రెండు ఉపవాసాలు, సండే స్కూల్, స్త్రీల కూడిక, చర్చి శుభ్రం చేయడం, ఏదీ వదలను. ఒక్కటి మానినా దేవుడు నన్ను తోసేస్తాడేమోనని భయం. ఉపవాసంలో ఒకసారి కళ్లు తిరిగి పడిపోయాను. రాత్రి మెలకువ వస్తే, ప్రార్థన మనసుపెట్టి చేశానో లేదోనని మళ్లీ మొదట్నుంచి చేస్తాను. గొడవ మొదలైతే ఆయన ఎఫెసీ పత్రిక తెరుస్తారు, నేను యాకోబు పత్రిక తెరుస్తాను. మొన్న మా అమ్మాయి ‘మీ ఇద్దర్లో పరలోకానికి ఎవరు వెళ్తారమ్మా?’ అని అడిగింది. రక్షణకు విశ్వాసం ఒక్కటే చాలా, క్రియలు కూడా కావాలా? మాలో ఎవరిది కరెక్ట్?
– ఓ సోదరి

జవాబు: అమ్మా, ముందు సూటిగా చెప్పేస్తాను. దేవుడు మనిషిని చేర్చుకునేది ఆ మనిషి చేసిన పనుల లెక్క చూసి కాదు. ఇక్కడ మీ ఆయన చెప్పేది నిజం. అయితే చేర్చుకోబడ్డానని చెప్పే మనిషి మంచం పట్టిన సొంత తండ్రి వైపు కన్నెత్తి చూడకపోతే, ఆ విశ్వాసం ఏపాటిదని అడిగే హక్కు యాకోబుకి ఉంది. మీకూ ఉంది. కానీ ఈ జవాబుతో మీ ఇంట్లో గొడవ ఆగదు. ఎందుకంటే మీరిద్దరూ వాక్యాలు తప్పుగా చదవడం లేదు, ఒకరి మందు ఒకరు మింగుతున్నారు. ‘నేను చేసింది చాలదేమో’ అని వణికే మనిషి కోసం పౌలు రాసింది మీ ఆయన దగ్గరుంది. నమ్మాను కదా అని చేతులు కట్టుకుని కూర్చున్న మనిషి కోసం యాకోబు రాసింది మీ దగ్గరుంది.

ఎవరు ఎవరికి రాశారో కాస్త చూడండి. సున్నతి, యూదుల ధర్మశాస్త్రం పాటిస్తే తప్ప యూదులు కాని అన్యజనులు పూర్తిగా దేవుని ప్రజలు కాలేరని కొందరు గలతీ సంఘాలను బెదిరించినప్పుడు పౌలు కలం పట్టాడు. క్రీస్తు చేసినదానికి మీరు కలపాల్సింది ఏమీ లేదు అన్నది ఆయన మాట. యాకోబు ముందున్నవాళ్లు వేరు. తిండీ బట్టా లేని సహోదరుడు గుమ్మంలో నిలబడితే ‘సమాధానంగా వెళ్లు, వెచ్చగా ఉండు’ అని చెప్పి పంపేసేవాళ్లు. దేవుడు ఒక్కడేనని దయ్యాలు కూడా నమ్మి వణుకుతాయని వాళ్లకు గుర్తుచేశాడు. ఇద్దరూ అబ్రాహామునే సాక్షిగా పిలిచారు. పౌలు ఆదికాండం 15వ అధ్యాయం తీశాడు, పిల్లలే లేని రోజుల్లో దేవుని మాట నమ్మిన అబ్రాహాము. యాకోబు 22వ అధ్యాయం తీశాడు, ఏళ్ల తర్వాత ఇస్సాకును బలిపీఠం మీద పెట్టిన అబ్రాహాము. మనిషి ఒకడే, జీవితంలో ముందొక రోజు, తర్వాతొక రోజు.

సంఘాల మధ్య ఈ విషయంలో తేడాలు లేవని నేననను. కానీ బయట అనుకునేంత దూరం లేదు. మనిషి సొంత పనులతో, కృప లేకుండా నీతిమంతుడు కాగలడని ఎవరన్నా అంటే అది తప్పుడు బోధ అని 1547లో ట్రెంట్ మహాసభలో కాథలిక్కులే తీర్మానించారు. అదే సభ ‘విశ్వాసం ఒక్కటే చాలు’ అన్న మాటనూ ఒప్పుకోలేదు, అది వేరే సంగతి. 1999లో, ప్రొటెస్టెంట్ ఉద్యమానికి నాంది పలికిన మార్టిన్ లూథర్ బాటలో నడిచే లూథరన్ల ప్రపంచ సమాఖ్య, కాథలిక్ సంఘం కలిసి ఒక ప్రకటన మీద సంతకాలు చేశాయి. మనలో ఉన్న ఏ యోగ్యత వల్లా కాదు, కృప వల్లే, క్రీస్తు రక్షణ కార్యం మీది విశ్వాసంతో దేవుడు మనల్ని అంగీకరిస్తాడనీ, సత్క్రియలకు మనల్ని సిద్ధపరుస్తాడనీ అందులో ఇద్దరూ ఒప్పుకున్నారు. తర్వాత మెథడిస్టులు కూడా అందులో చేరారు.

మీ ఇంటి గొడవకు అచ్చంగా సరిపోయే పాత తగవు ఒకటుంది. లూథర్ 1546లో చనిపోయాక ఆయన అనుచరుల్లోనే గేయోర్గ్ మాయోర్ అనే పండితుడు ‘రక్షణకు సత్క్రియలు అవసరం’ అన్నాడు. లూథర్‌కి ప్రాణస్నేహితుడైన ఆమ్స్‌డార్ఫ్‌కి ఒళ్లు మండి, ‘సత్క్రియలు రక్షణకు హానికరం’ అన్నాడు! క్రియల మీద భరోసా పెట్టుకుంటే హాని అని ఆయన ఉద్దేశం, కానీ కోపంలో అన్న మాట అలా వచ్చింది. పాతికేళ్లు సాగిన ఆ రగడకు 1577లో లూథరన్లు ఒక తీర్మానం రాసుకుని ముగింపు పలికారు. అందులో ఆ రెండు మాటల్నీ పక్కన పెట్టేశారు. పండితులు కూడా ఎదుటివాడి మీది కోపంతో అనకూడని చివరిదాకా వెళ్లిపోతారు. భార్యాభర్తల సంగతి చెప్పాలా?

ఇక మీ విషయం. మీ ఉత్తరంలో నన్ను ఆపిన చోటు మామగారి ప్రస్తావన. ఉపవాసాలు, కూడికలు, చర్చి శుభ్రం చేయడం, వీటిని మీరు దేవుని ముందు పెట్టే క్రియల్లో రాశారు. మామగారికి చేసే సేవను మాత్రం కష్టాల్లో రాశారు. యాకోబు పత్రిక మళ్లీ ఒకసారి చదవండి. క్రియలు అన్నచోట ఆయన చూపించింది ఆకలిగొన్నవాడిని, బట్టల్లేనివాడిని. మొదటి అధ్యాయం చివర్లో దిక్కులేని పిల్లల్ని, విధవరాళ్లను వాళ్ల ఇబ్బందిలో పరామర్శించడాన్ని భక్తి అన్నాడు. వారానికి ఎన్ని ఉపవాసాలుండాలో ఆయన ఎక్కడా రాయలేదు. అంటే, యాకోబు అడిగిన పని మీరు రోజూ చేస్తూనే ఉన్నారు. అడగని పనుల కోసం రాత్రిళ్లు నిద్ర పాడుచేసుకుంటున్నారు.

రక్షణ పొందినవాడు దాన్ని ఎప్పటికీ పోగొట్టుకోడని కొన్ని సంఘాలు బోధిస్తాయి. విశ్వాసం వదిలేసినవాడు పోగొట్టుకోవచ్చని మరికొన్ని బోధిస్తాయి. మీ సంఘం ఈ రెండింట్లో ఏ వైపున్నా సరే, శుక్రవారం ఉపవాసం తప్పినందుకు రక్షణ పోతుందని ఏ వైపూ చెప్పదు. మీకు నమ్మకం కుదరకపోతే మీ పాస్టర్ గారిని ఈ ఒక్క ప్రశ్నే, ఈ మాటల్లోనే అడగండి. ‘నేను రేపట్నుంచి ఉపవాసం, సండే స్కూల్ మానేస్తే దేవుడు నన్ను తోసేస్తాడా?’ అని. ఆయన అవునంటే నాకు మళ్లీ రాయండి. అంటారనుకోను.

ఇంకో సంగతి, ఇది వాక్యానికి సంబంధించింది కాదు. చేసిన ప్రార్థనే సరిగా చేయలేదేమోనని మళ్లీ మళ్లీ చేయడం, చేసినా భయం తగ్గకపోవడం, దానికోసం నిద్ర పోగొట్టుకోవడం, ఇవి భక్తి ఎక్కువైనందువల్లే వస్తాయని అనుకోకండి. ఓసీడీ అని మీరు వినే ఉంటారు, వద్దనుకున్నా వదలని భయం, దాన్ని తగ్గించుకోవడానికి చేసిందే మళ్లీ మళ్లీ చేయడం, ఇదీ ఆ మానసిక ఇబ్బంది. కొందరికి అది చేతులు కడగడంలా కాకుండా పాపభయంలా వస్తుంది. అది విశ్వాసం తక్కువైందని చెప్పే గుర్తు కాదు, వైద్యం ఉన్న ఇబ్బంది. మీకు అదే ఉందని ఉత్తరం చూసి చెప్పలేను, కానీ ఈ అలవాటు నెలల తరబడి ఉంటే ఒకసారి సైకియాట్రిస్టును కలవండి. మాటలతో చేసే థెరపీ ఉంది, అవసరమైతే మందులూ ఉన్నాయి. కళ్లు తిరిగి పడ్డ విషయం కూడా డాక్టరుకు చెప్పండి, అప్పటిదాకా ఉపవాసాలు ఆపండి. లూథరే మఠంలో ఉన్న రోజుల్లో చిన్న చిన్న తప్పుల కోసం గంటల తరబడి పాపాలు ఒప్పుకునేవాడు, అయినా మనసు నిలవక మళ్లీ వెళ్లేవాడు. ఆయన సన్యాసుల సంఘానికి పెద్దయిన స్టౌపిట్జ్ ఇంకా ఎక్కువ ఉపవాసం చేయమనలేదు. నీ లోపలికి చూసుకోవడం ఆపి క్రీస్తు వైపు చూడమన్నాడు. ‘విశ్వాసం ఒక్కటే’ అన్న మాటను ప్రపంచానికి అంత గట్టిగా వినిపించింది అలాంటి భయంలో నలిగిన మనిషే. మీకు ఆ మాట మీ ఆయన నోటి నుంచి కాక వేరేచోట వినబడి ఉంటే ఎంతో ఓదార్పుగా ఉండేదనిపిస్తోంది.

ఇప్పుడు మీ ఆయన గురించి. ఆయన్ని సోమరి అనేసి ఊరుకోవడం తేలిక, కానీ ఒకటి ఆలోచించండి. తాగుడు మానతానని ఒట్టు పెట్టుకోవడం, తప్పడం, మళ్లీ పెట్టుకోవడం, ఇన్నేళ్లూ ఆయనకు క్రియలంటే అదే అనుభవం. ఆ ఒట్లేవీ ఆయన్ని నిలబెట్టలేదు. ‘నీవల్ల కాదు, నేను చేశాను’ అని దేవుడు చెప్పినట్టు విన్న రోజున లేచి నిలబడ్డారు. మీరు యాకోబు పత్రిక తెరిచినప్పుడల్లా ఆయనకు ‘నువ్వు మళ్లీ ఫెయిలయ్యావు’ అని వినబడుతూ ఉండొచ్చు. అందుకే అంత గట్టిగా కృపను పట్టుకుని ఉన్నారేమో. ఆ కృపను ఆయన చేతిలోంచి లాగేయాలని చూడకండి.

అలాగని వదిలేయమనడం లేదు. ఎఫెసీ పత్రిక రెండో అధ్యాయంలో ఆయన ‘కృప వల్లే, క్రియల వల్ల కాదు’ అనే 8, 9 వచనాలు చదివి ఆపేస్తున్నారు. పదో వచనంలో, దేవుడు ముందుగానే సిద్ధపరచిన సత్క్రియల్లో నడవడానికే మనం సృష్టించబడ్డామని ఉంది. ఇక తిమోతికి రాసిన మొదటి పత్రిక 5:8 గురించి. తన ఇంటివారిని చూసుకోనివాడు విశ్వాసాన్ని కాదన్నట్టేననీ, అవిశ్వాసి కన్నా చెడ్డవాడనీ అక్కడ ఉంది. అది కూడా పౌలు పేరుతో ఉన్న పత్రికే. ఆ వచనం మీరు చూపించకండి. పాస్టర్ గారో, ఆయన మాట వినే పెద్ద ఎవరన్నా ఉంటే వాళ్లో ఆయనతో కూర్చుని చదివితే మేలు. మీరు చదివితే అది వాక్యంలా కాదు, ఎత్తిపొడుపులా వినబడుతుంది.

ఇంట్లో మీరు ఆపాల్సిందీ అదే. ‘నిజంగా రక్షణ పొందిన మనిషైతే నాన్నను చూసుకోడా?’ అనే మాట ఇకమీద వద్దు. ఆయన రక్షణ పొందారా లేదా అనేది మీరు తీర్పు చెప్పాల్సిన విషయం కాదు. పైగా ఆ మాట వచ్చిందంటే మామగారి స్నానం సంగతి పోయి వేదాంతం మొదలవుతుంది. ఉన్నదున్నట్టు అడగండి. ‘పొద్దున మామయ్యకు స్నానం, టిఫిన్ నేను చూస్తాను. రాత్రి మందులు వేయడం, పక్క మార్చడం మీరు చూడండి. నా ఒంట్లో ఓపిక లేదు.’ ఇందులో కృప లేదు, క్రియలు లేవు, ఇంటి పని ఉంది. కాదనడానికి ఆయనకు వచనం దొరకదు. మీరు కూడా చర్చిలో ఒక్క పని ఉంచుకుని మిగతావి వేరేవాళ్లకు అప్పగించండి. ఇంట్లో సాయం లేదని అలిసిపోతూ, బయట ఎవరడిగినా సరేననడం న్యాయం కాదు.

మీ అమ్మాయి అడిగినదానికి ఇంకా జవాబు చెప్పినట్టు లేరు. చెప్పాలి, ఇద్దరూ కలిసి చెబితే మంచిది. ‘ఎవరు వెళ్తారో దేవుని చేతిలో ఉందమ్మా, మేమిద్దరం ఆయన దయ మీదే ఆధారపడ్డాం. వాక్యాలతో ఒకరినొకరం కొట్టుకోవడం మా తప్పు’ అంటే ఆ వయసు పిల్లకు అర్థమవుతుంది. అమ్మానాన్నలు దేవుని పేరుతో పోట్లాడుకోవడం చూసి పిల్లలు దేవుడికే దూరమైన ఇళ్ల నుంచి నాకు ఉత్తరాలు వస్తూనే ఉంటాయి.

చివరగా అప్పు. ‘పాత జీవితం సిలువ దగ్గర పోయింది’ అన్నది పాపానికి వర్తిస్తుంది, మీ తమ్ముడి డబ్బుకు వర్తించదు. క్షమాపణ దేవుడు ఇచ్చాడు. డబ్బు ఇచ్చింది తమ్ముడు. ఈ విషయంలో ఆయనకు పన్నులు వసూలు చేసే జక్కయ్య కథ నచ్చుతుందనుకుంటాను, లూకా సువార్త 19లో ఉంది. అందులో వరస చూడండి. జక్కయ్య ఇంకా ఏమీ ఇవ్వకముందే, ఏ మాటా ఇవ్వకముందే, యేసు అతనెక్కిన చెట్టు కింద ఆగి ‘ఇవాళ నీ ఇంట్లో ఉండాలి’ అన్నాడు. మీ ఆయన చెప్పే కృప అదే, అది ముందొచ్చింది. తర్వాత ఎవరూ అడక్కుండానే జక్కయ్య లేచి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. ‘నేను క్షమించాను కదా, ఆ లెక్కలు వదిలెయ్’ అని యేసు అనలేదు. ఈ ఇంటికి ఇవాళ రక్షణ వచ్చిందన్నాడు.

మీ ఆయన్ని నాలుగంతలు ఎవరూ అడగడం లేదు. ఒక్కసారే ఇవ్వలేకపోతే నెలకు ఇంతని ఒప్పుకోవచ్చు. ఆ మాట మాత్రం మీ తమ్ముడితో ఆయనే మాట్లాడాలి. మధ్యలో మీరు వెళ్లి సర్దిచెప్పకండి, మీ ఇంటి ఖర్చుల్లోంచి మిగిల్చి ఆయనకు తెలియకుండా తీర్చకండి. అది కూడా మీ క్రియల పట్టీలో చేరిపోతుంది.