ఆరు ఏపీ కోర్సులా, డ్యూయల్ క్రెడిటా?

ప్రశ్న: మేము టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. మా అబ్బాయి పదో తరగతి. వచ్చే ఏడాది ఆరు ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి) కోర్సులు తీసుకుంటే నాలుగేళ్ల డిగ్రీ మూడేళ్లలో పూర్తవుతుందని తెలిసినవాళ్లు అంటున్నారు. స్కూల్లో డ్యూయల్ క్రెడిట్ (ఒకే కోర్సు హైస్కూలుకూ కాలేజీకీ లెక్కకు రావడం) కూడా ఉందంటున్నారు. ఇంజనీరింగా, మెడిసినా అనేది వాడు ఇంకా తేల్చుకోలేదు. ఏం చేయమంటారు?

జవాబు: ఆరు అనే అంకెను ముందు పక్కన పెట్టండమ్మా. క్రెడిట్ వస్తుందా అని అందరూ అడుగుతారు. వచ్చిన క్రెడిట్ డిగ్రీలో ఏ కోర్సుకు బదులు చెల్లుతుంది అన్నదే అసలు ప్రశ్న. మెకానికల్ ఇంజనీరింగ్‌లో చేరిన పిల్లవాడికి పర్యావరణ శాస్త్రం క్రెడిట్ ఉంటే, అది రికార్డులో చేరుతుంది కానీ చాలాసార్లు డిగ్రీలో ఒక్క కోర్సునూ తగ్గించదు. అదే కాలిక్యులస్ బీసీలో (ఏపీలోని రెండు కాలిక్యులస్ కోర్సుల్లో పెద్దది) మంచి స్కోరు వస్తే చాలాచోట్ల మొదటి రెండు కాలిక్యులస్ కోర్సులు చదవనక్కర్లేదు. అమెరికా చరిత్ర కూడా మీకు పనికొస్తుంది. టెక్సస్ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఏ డిగ్రీ చదివినా ఆరు క్రెడిట్ గంటల, అంటే సాధారణంగా రెండు కోర్సుల, అమెరికా చరిత్ర తప్పనిసరి కాబట్టి, అబ్బాయి ఎటు వెళ్లినా ఆ శ్రమ వృథా కాదు.

ఏపీ పరీక్షలు మే నెలలో జరుగుతాయి, స్కోరు 1 నుంచి 5 వరకు. టెక్సస్‌లో 2015లో వచ్చిన చట్టం ప్రకారం ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు 3 వచ్చినా క్రెడిట్ ఇవ్వాలి. ఎక్కువ స్కోరు అవసరమని ఆధారాలతో తేల్చిన కోర్సులకు మాత్రం 4 లేదా 5 అడగవచ్చు. రాష్ట్రం దాటితే లెక్క మారుతుంది. కాలిఫోర్నియాలోని కాల్‌టెక్ విశ్వవిద్యాలయం అయితే ఏపీకి క్రెడిట్ ఇవ్వనే ఇవ్వదు.

డ్యూయల్ క్రెడిట్ విషయంలో నాకు భయం ఎక్కువ, ఎందుకో చెబుతాను. మీ ప్రాంతంలో అది సాధారణంగా స్థానిక కమ్యూనిటీ కాలేజీ అయిన కాలిన్ కాలేజీ ద్వారా ఉంటుంది. మే నెల పరీక్ష ఒత్తిడి ఉండదు, టెక్సస్ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఆ కోర్సులు బాగా చెల్లుతాయి. కానీ అక్కడ వచ్చిన గ్రేడు కాలేజీ గ్రేడే. ఏపీలో స్కోరు తగ్గితే ఆ క్రెడిట్ అడగకుండా ఊరుకోవచ్చు. డ్యూయల్ క్రెడిట్ గ్రేడును మాత్రం దాచలేం. టెక్సస్ మెడికల్ కాలేజీల ఉమ్మడి దరఖాస్తు పదహారేళ్ల వయసులో వచ్చిన ఆ గ్రేడును కూడా సగటులో కలుపుతుంది. పదకొండో తరగతిలో డ్యూయల్ క్రెడిట్ కెమిస్ట్రీలో సి గ్రేడు తెచ్చుకున్న ఒక అమ్మాయి, కొన్నేళ్ల తర్వాత దరఖాస్తు నింపుతూ నా ఎదుటే కన్నీళ్లు పెట్టుకుంది. అప్పటికి ఆమె డిగ్రీలో చాలా బాగా చదువుతోంది. మెడిసిన్ ఆలోచన ఏ మూలన ఉన్నా, సైన్స్ సబ్జెక్టులు డ్యూయల్ క్రెడిట్‌లో పెట్టవద్దనే చెబుతాను. బాగా రాయగల పిల్లవాడైతే ఇంగ్లిష్ పెట్టుకోవచ్చు.

ఇక మూడేళ్ల డిగ్రీ. ఇంజనీరింగ్‌లో ఒక కోర్సు పూర్తయితేనే తర్వాతిది తీసుకోగలం, ఆ గొలుసు క్రెడిట్లతో తెగదు. మొదటి ఏడాది భారం తగ్గడం, ఇంటర్న్‌షిప్‌కు తీరిక దొరకడం ఎక్కువగా కనిపించే లాభాలు. అవి తక్కువేమీ కావు, కానీ ఏడాది ఫీజు మిగులుతుందన్న లెక్కతో పిల్లవాడి నిద్ర తాకట్టు పెట్టకండి.

నా సలహా: వచ్చే ఏడాదికి అమెరికా చరిత్ర, అతని స్థాయికి తగిన కాలిక్యులస్, ఫిజిక్స్ లేదా కెమిస్ట్రీలో ఒకటి ఏపీలో. నాలుగోది అబ్బాయి తనకై తాను ఇష్టపడి అడిగితేనే. ఈ వారం ఇద్దరూ కూర్చుని, అతను చేరాలనుకునే రెండు మూడు విశ్వవిద్యాలయాల వెబ్‌సైట్లలో ఏపీ క్రెడిట్ పట్టిక, ఆ డిగ్రీ కోర్సుల జాబితా పక్కపక్కన పెట్టి చూడండి. పరీక్షకు పేరు నమోదు నవంబరులోనే ముగుస్తుంది, ఫీజు ఒక్కోదానికి సుమారు 100 డాలర్లు.