పాత కారుకు పికప్ పెరగాలంటే?

ప్రశ్న: మాది 2009 ఆల్టో. గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు బాగా ఈడుస్తోంది. కోన్ ఫిల్టర్ (పెట్టె లేకుండా బయటికే ఉండే గరాటు ఆకారపు ఎయిర్ ఫిల్టర్) పెట్టిస్తే పికప్ వస్తుందా?
– ఒక పాఠకుడు, కడప

జవాబు: వద్దండీ. అది బానెట్ కింది వేడిగాలినే పీలుస్తుంది, మన ఎండలకు ఉన్న పికప్ కూడా పోతుంది. మామూలు ఎయిర్ ఫిల్టర్‌నే ఎండకు అడ్డంగా పట్టి చూడండి. మడతల్లోంచి వెలుగు రాకపోతే కొత్తది వేయండి. స్పార్క్ ప్లగ్గులు మూడూ ఒకేసారి మార్చండి, ఇంజిన్‌లోకి గాలిని వదిలే థ్రాటిల్ బాడీలో మసి తుడిపించండి.

చాలామంది చూడనిది బ్రేకు. పది కిలోమీటర్లు నడిపి ఆపాక ప్రతి చక్రం దగ్గరా చేయి పెట్టండి, తాకొద్దు. ముందు చక్రాల్లో ఒక్కటి మాత్రమే సెగలు కక్కుతుంటే అక్కడ బ్రేకు పట్టేస్తున్నట్టే. బ్రేకు ప్యాడ్లను నొక్కే కాలిపర్ పిన్నులు ఊడదీసి, తుప్పు గీకి, బ్రేక్ గ్రీజే రాయించాలి; మామూలు గ్రీజు వేడికి కరిగిపోతుంది.

ఎక్సలేటర్ తొక్కితే మోత పెరిగి బండి కదలకపోతే మాత్రం క్లచ్ ప్లేటు అరిగినట్టు. డబ్బు ముందు దానికే పెట్టండి.