బండి కిర్రుమంటోందా, గరగరలాడుతోందా?

సందేహం: నమస్కారమండి. మా ఇంట్లో పదిహేనేళ్ల నాటి చిన్న పెట్రోలు కారు ఉంది. ఈ మధ్య దాంట్లోంచి రకరకాల చప్పుళ్లు వస్తున్నాయి. ఆదివారాలు మా వీధిలోనే అబ్బాయి మెల్లగా నడుపుతుంటే నేను పక్కన నడుస్తూ, అవి ఎక్కడినుంచి వస్తున్నాయో పట్టుకోవాలని చూస్తున్నాను. మెకానిక్‌కి ఫోన్ చేసి ‘సౌండ్ వస్తోంది’ అంటే ‘ఎలాంటి సౌండ్ సార్?’ అంటాడు. నేను కిర్రు అంటాను, మా ఆవిడ కీచు అంటుంది, అబ్బాయి గరగర అంటాడు. ఈ మాటలకు కచ్చితమైన అర్థాలున్నాయా, లేక ఎవరికి తోచినట్టు వాళ్లు అనుకునేవేనా? ‘కిర్రుమంటోంది’, ‘కిర్రుకిర్రులాడుతోంది’, వీటిలో ఏది సరైనది? బండి శబ్దం ‘చేస్తోందా’, శబ్దం ‘వస్తోందా’? చిన్నప్పుడు వ్యాసాల్లో ఇలాంటి మాటలు రాస్తే మా మాస్టారు గ్రామ్యమని కొట్టేసేవారు. అందుకే రాయడానికి కూడా కాస్త జంకుగా ఉంటుంది.

సమాధానం: ముందు ఆ జంకు వదిలేయండి. ఇవి గ్రామ్యం కావు. వీటిని ధ్వన్యనుకరణ పదాలంటారు. తెలుగు సొంత ఆస్తిలో ఇవి పెద్ద భాగం. 1852లో అచ్చయిన బ్రౌన్ నిఘంటువు నుంచి మన నిఘంటువులన్నీ వీటికి చోటిచ్చాయి. పాత నిఘంటువుల్లో ‘కిర్రు’ కోసం వెతికేటప్పుడు బండి ఱ తో ‘కిఱ్ఱు’ అని చూడండి. దక్షిణాది భాషల మీద జీవితమంతా పనిచేసిన భాషాశాస్త్రవేత్త ఎమెనో 1969లో వీటి మీద ఒక పెద్ద వ్యాసమే రాశాడు. ద్రావిడ భాషల్లోనూ ఉత్తరాది ఆర్య భాషల్లోనూ ఇలాంటి మాటలు ఒకే పోకడతో ఉన్నాయని, ఇది భారతదేశ భాషలన్నిటినీ కలిపే లక్షణాల్లో ఒకటని చూపించాడు. మాస్టారు కొట్టేసినా భాష కొట్టేయలేదు.

ఇక అర్థాల సంగతి. మీ ఇంట్లో ముగ్గురూ మూడు మాటలు అన్నారంటే ఎవరో ఒకరే సరి, మిగతా ఇద్దరూ తప్పు అనుకోనక్కర్లేదు. మూడూ వేర్వేరు చప్పుళ్లు అయ్యుండవచ్చు. పాత బండిలో ఒకేసారి మూడు చప్పుళ్లు ఉండటం వింతేమీ కాదు. రబ్బరు గట్టిపడుతుంది, ప్లాస్టిక్ క్లిప్పులు విరుగుతాయి, బోల్టులు వదులవుతాయి, గ్రీజు ఎండిపోతుంది. ఒక్కొక్కటి ఒక్కో రకంగా పలుకుతుంది.

కిర్రు అనేది ఎండు రాపిడి. రెండు నున్నని వస్తువులు తడి, జిడ్డు లేకుండా ఒకదాన్నొకటి ఒరుసుకుంటే కిర్రుమంటుంది. తలుపు బందు, బావి గిలక, ఉయ్యాల గొలుసు, కొత్త చెప్పు, అన్నిటికీ ఇదే మాట. ‘కిర్రుచెప్పులు’ అని ఒక మాటే ఉంది. ఎడ్లబండి ఇరుసు కిర్రుమంటే కందెన పెట్టేవాళ్లు. వరిగడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి చేసే నల్లటి ముద్ద అది. ఇరుసుకు కందెన పెట్టకపోతే పరమేశ్వరుడి బండైనా కదలదని సుమతీ శతకంలో ఉంది. అంటే కిర్రు వినపడగానే కందెన గుర్తుకు రావడం మనకు వందల ఏళ్లుగా ఉన్న అలవాటు. కారులోనూ సంగతి అదే. స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగేటప్పుడు కిందనుంచి కిర్రుమంటే ముందు అనుమానించాల్సింది సస్పెన్షన్‌లోని, అంటే కుదుపులను తట్టుకునే ఏర్పాటులోని, రబ్బరు బుష్‌లను. బండి ఆపి, బానెట్ మూల మీద రెండు చేతులూ వేసి కిందికి నొక్కి వదలండి. కిర్రు మళ్లీ వినపడితే ఆ మూలనున్న బుష్‌ల మీద కొద్దిగా నీళ్లు పోసి మళ్లీ నొక్కండి. చప్పుడు తగ్గినా, మారినా దొంగ దొరికినట్టే. నీళ్లు ఆరాక మళ్లీ మొదలవుతుంది, అది వైద్యం కాదు, గుర్తుపట్టడానికి మాత్రమే.

కీచు దీనికి దగ్గరిదే కానీ సన్నం, పైస్థాయి. కీచుగొంతు అంటాం, కీచురాయి అంటాం, కిర్రుగొంతు అనం. కీచుకు కావాల్సింది వేగం. ఇరుసు మెల్లగా తిరిగితే కిర్రు, బెల్టు జోరుగా జారితే కీచు. పొద్దున్నే స్టార్ట్ చేయగానే, లేదా ఏసీ వేయగానే కీచుమని ఒక నిమిషంలో సర్దుకుంటే అది చాలావరకు బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ను తిప్పే బెల్టుదే. అరిగిందో, వదులైందో చూడాలి. ఇంజన్ నడుస్తుండగా దాని దగ్గరికి చేతులు పోనివ్వకండి. కండువా, చున్నీ, లుంగీ అంచు లాంటివి ఏవీ దగ్గర ఉండకూడదు. బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే కీచుమంటే బ్రేక్ ప్యాడ్‌లు చూపించండి. చాలా కార్ల ప్యాడ్‌లకు ఒక చిన్న రేకు ముక్క ఉంటుంది. ప్యాడ్ అరిగిపోవస్తుంటే అది డిస్క్‌కి తగిలి కీచుమనేలా కావాలనే పెట్టారు.

ఆ కీచును పట్టించుకోకపోతే వచ్చేది గరగర. ఇది నున్నని రాపిడి కాదు, గరుకు రాపిడి. ‘గరుకు’, ‘గరగర’ పక్కపక్కన పెట్టి పలికి చూడండి, మీకే తెలుస్తుంది. ప్యాడ్ మీది మెత్తని పదార్థం పూర్తిగా పోయి, దాని వెనకనున్న ఇనుము డిస్క్‌ని గీరుతుంటే గరగర. ఒక్కోసారి ప్యాడ్‌కీ డిస్క్‌కీ మధ్య గులకరాయి ఇరుక్కున్నా అంతే. అందుకని మీ అబ్బాయి అన్నమాట బ్రేకు దగ్గర విన్నదైతే, ముగ్గురిలో ముందు పట్టించుకోవాల్సింది అతని మాటనే. కిర్రుకు మామూలుగా అంత తొందర ఉండదు. బ్రేకు గరగరతో పక్క వీధికి కూడా వెళ్లకండి.

ఇప్పుడు మీ ప్రశ్నల్లో నాకు బాగా నచ్చినది, కిర్రుమను, కిర్రుకిర్రులాడు గురించినది. రెండూ సరైనవే, కానీ రెండూ ఒకటి కాదు. మన ధ్వన్యనుకరణ పదాలకు చాలావాటికి రెండు రూపాలుంటాయి. చప్పుడు ఒక్కసారి వచ్చి పోతే హల్లు ఒత్తుతో, చివర ఉకారంతో: టక్కు, గల్లు, గర్రు, బుస్సు. ఆగకుండా వస్తుంటే ఒత్తు పోయి మాట రెట్టిస్తుంది: టకటక, గలగల, గరగర, బుసబుస. రెట్టించిన మాటలోని రెండో భాగాన్ని చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో ఆమ్రేడితం అన్నాడు. మొదటి రూపం ‘అను’తో కలుస్తుంది: టక్కుమంది, గల్లుమంది. రెండోది ‘అను’తోనూ ‘ఆడు’తోనూ కలుస్తుంది: గలగలమంటోంది, గలగలలాడుతోంది. ఒంటరి రూపానికి ‘ఆడు’ తగిలించి చూడండి, ‘గల్లులాడింది’, తెలుగువాళ్లెవరూ అనరు. కిర్రు మాత్రం ఒత్తు వదులుకోకుండానే రెట్టిస్తుంది, కాబట్టి కిర్రుకిర్రుమంటోంది, కిర్రుకిర్రులాడుతోంది రెండూ అనవచ్చు. కీచుకు ముందు దీర్ఘం ఉంది, ఒత్తు అసలే లేదు, కాబట్టి కీచుకీచు అని ఉన్నదున్నట్టే రెట్టిస్తుంది.

ఈ తేడా వ్యాకరణం పుస్తకానికే కాదు, మెకానిక్‌కీ కావాలి. ‘స్టీరింగ్ తిప్పితే టక్కుమంది’ అంటే ఒక్కసారి ఏదో తగిలింది, లేదా స్థానం తప్పి మళ్లీ కూర్చుంది. ‘స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా పోనిస్తే టకటకమంటోంది’ అంటే చక్రంతో పాటు తిరిగేదేదో అరిగింది. ముందు చక్రాలు నడిపే కార్లలో అది చాలావరకు సీవీ జాయింట్, అంటే చక్రం పక్కకు తిరిగినా ఇంజన్ శక్తిని దానికి అందించే కీలు. దాని రబ్బరు తొడుగు చిరిగి గ్రీజు బయటికి పోయి, దుమ్ము లోపలికి పోయి ఉంటుంది. చక్రం లోపలి వైపు గ్రీజు చిమ్మిన మరకలున్నాయేమో తొంగి చూడండి.

టకటకకే ఇంకో చిరునామా ఉంది, ఇంజన్. బండి ఆపి, న్యూట్రల్‌లో పెట్టి యాక్సిలరేటర్ తొక్కండి. టకటక వినపడి దాని వేగం పెరిగితే అది ఇంజన్‌ది, బండి ఆగి ఉండగా అసలు వినపడకపోతే చక్రాల వైపుది. మెకానిక్‌లు ‘ట్యాపెట్ సౌండ్’ అనేది ఈ ఇంజన్ టకటకనే. ఇంజన్ రెండు చుట్లు తిరిగితే వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్ట్ ఒక చుట్టు తిరుగుతుంది. నిమిషానికి 800 చుట్లతో ఊరికే నడిచే ఇంజన్‌లో ఒక వాల్వు దగ్గర సందు పెరిగితే నిమిషానికి 400 టక్కులు, అంటే సెకనుకు దాదాపు ఏడు. అన్ని టక్కులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టలేం. అందుకే టక్కు టక్కు అనం, టకటక అంటాం. మాట పుట్టుకలోనే చెవి లెక్క ఉంది. ఎక్కడినుంచో తేల్చుకోవాలంటే పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజన్ మీద కదలని చోట ఆనించి, పిడిని చెవికి ఆనించండి. ఫ్యానుకు, బెల్టుకు దూరంగా ఉండాలి సుమా. చప్పుడు పుట్టేచోటు దగ్గరపడేకొద్దీ టకటక గట్టిగా వినిపిస్తుంది.

వదులుతనానికి ‘ల’కారం వాడటం తెలుగు చెవికి అలవాటు. గలగల అంటే చిన్నవి, లోహానివి, వదులుగా కదిలేవి. లొడలొడ అంటే కాస్త పెద్దవి, బోలువి, చెక్కవో ప్లాస్టిక్‌వో. ఇంజన్ ఊరికే నడుస్తుండగా కిందనుంచి గలగల వస్తుంటే సైలెన్సర్ గొట్టానికి వేడి తగలకుండా పెట్టిన పల్చటి రేకు బోల్టు ఊడి ఉండొచ్చు. బండి పూర్తిగా చల్లారాక ఆ గొట్టాన్ని పిడికిలితో తట్టండి, గల్లుమంటుంది. లొడలొడకైతే ముందు డిక్కీ తెరవండి. స్పేర్ టైరు దగ్గర జాకీ, స్పానర్ కదులుతుంటాయి. డ్యాష్‌బోర్డు పెట్టెలోని చిల్లర నాణేలూ అంతే. ఇంటి నుంచి కదలకుండా, పైసా ఖర్చు లేకుండా పోయే చప్పుళ్లు ఇవే. మొదట వీటినే తీసేస్తే మిగతావి విడిగా వినపడతాయి.

బుస్సు, సుయ్యి గాలివి. బుడబుడ నీళ్లది. డ్యాష్‌బోర్డు వెనక బుడబుడమంటే కూలింగ్ నీళ్లలో గాలి చేరిందని అర్థం. నీళ్లు తగ్గాయేమో చూసుకోవాలి, వేడిగా ఉండగా రేడియేటర్ మూత మాత్రం తీయకూడదు. బండి ఆపేశాక కింద నుంచి కాసేపు టిక్కు టిక్కుమనడం జబ్బు కాదు. వేడెక్కిన సైలెన్సర్ గొట్టం చల్లారుతూ ముడుచుకుంటోంది. ఇక్కడ మళ్లీ గమనించండి, చప్పుడు ఒకటి, కాస్త ఆగి ఇంకొకటి. అందుకే నోటికి ‘టిక్కు టిక్కు’ వస్తుంది కానీ ‘టికటిక’ రాదు.

వేగం పెరిగేకొద్దీ పెరిగి, మలుపు తిరిగినప్పుడు హెచ్చుతగ్గులయ్యే చప్పుడుకు టకటక, గరగర ఏవీ అతకవు. దానికి ‘రొద’ అనే మాటే సరి. విడివిడి చప్పుళ్లుగా వినపడకుండా ఒకే తీరుగా సాగుతూ చెవిని వేధించేది రొద. చక్రం బేరింగ్ పోయినప్పుడు వచ్చేది ఇదే. చక్రాన్ని జాకీతో లేపి, కింద స్టాండు తప్పకుండా పెట్టి, పైనా కిందా రెండు చేతులతో పట్టి ఊపితే ఊగుతుంది. షెడ్డుల్లో దీన్ని ‘ప్లే వచ్చింది’ అంటారు. స్టీరింగ్ చేతికి కదులుతున్నట్టుంటే అది చప్పుడు కాదు, అదురు. ‘బండి 80 దాటితే స్టీరింగ్ అదురుతోంది’ అనండి, చక్రాల బ్యాలెన్సింగ్ చూడాలని మెకానిక్‌కి వెంటనే తెలుస్తుంది.

చేస్తోందా, వస్తోందా అన్నదానికి సమాధానం మీ వెతుకులాటలోనే ఉంది. చేసేదెవరో తెలిస్తే ‘చేస్తోంది’: బెల్టు చప్పుడు చేస్తోంది. తెలియకపోతే ‘వస్తోంది’: ముందు చక్రం వైపు నుంచి ఏదో చప్పుడు వస్తోంది. ఆదివారం మొదలుపెట్టినప్పుడు వస్తోంది, దొరికాక చేస్తోంది. ‘సౌండ్ ఇస్తోంది’ అని కూడా కొందరు అంటున్నారు, తెలుగులో చప్పుడును ఎవరూ ఇవ్వరు, దాన్ని వదిలేయడం మంచిది. చప్పుడు, శబ్దం రెండూ వాడవచ్చు. నాకైతే బండి విషయంలో చప్పుడే ఇష్టం, ఒకటి ఇంకొకదానికి తగిలిందన్న భావం దానిలో ఉంది. తెలంగాణలో ‘సప్పుడు’ అన్నా, హైదరాబాదు షెడ్డుల్లో ‘ఆవాజ్’ అన్నా పని జరిగిపోతుంది. ‘సవ్వడి’ మాత్రం బండికి వద్దు, అది మువ్వలకు, సెలయేళ్లకు.

కాబట్టి ఈసారి ఫోన్‌లో ‘సౌండ్ వస్తోంది’ దగ్గర ఆగకండి. ‘పొద్దున్న స్టార్ట్ చేయగానే ఇంజన్ కుడివైపు కీచుమని, నిమిషంలో పోతోంది’ అనండి. ఎప్పుడు, ఎక్కడ, ఎలా, మూడూ ఒక్క వాక్యంలో వచ్చాయి. చప్పుడు మాట దొరక్కపోతే నోటితో అనుకరించి చూపండి, మన పూర్వులు ఈ మాటలన్నీ చేసుకున్నది అలాగే. ఒక్కటి గుర్తుంచుకోండి, రాసేటప్పుడు ‘కిర్రు మంటోంది’ అని విడగొట్టకండి. ‘మంట’ వేరే మాట, బండి విషయంలో చదివేవాళ్లు కంగారుపడతారు. కిర్రుమంటోంది, కిర్రుకిర్రుమంటోంది, రెండూ కలిపే రాయాలి.